ఆంప్లిఫయర్ వేడెక్కి మధ్యలో ఆగిపోతా ఉందా? వేడి ఎక్కడ ఇరుక్కుందో ముందు చూడండి

తిరుపతిలో గంగమ్మ జాతర మే నెలలో వస్తాది, ఆ ఎండల్లో సొంతంగా వెయ్యి వాట్ల సెట్టు కట్టుకున్నోళ్ళందరి బాధా ఒకటే: గంటసేపు బ్రహ్మాండంగా పాడతాది, ఉన్నట్టుండి ఆగిపోతాది, కాసేపు వదిలేస్తే మళ్ళీ అదే పాడతాది. ఇది థర్మల్ కటాఫ్ చేసే పని, అంటే వేడి హద్దు దాటితే సెట్టుని ఆపేసే స్విచ్చి. దానికి వెంటనే ఇంకో ఫ్యాన్ తగిలించేస్తారు, ఇంకొందరు కటాఫ్‌నే పీకేసి డైరెక్ట్ చేస్తారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దండి, ట్రాన్సిస్టర్ షార్ట్ అయి సప్లై డీసీ నేరుగా స్పీకర్ బాక్సుకి పోతే స్పీకర్ లోపలుండే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, కాలిపోతాది.

వేడి ట్రాన్సిస్టర్‌లో పుట్టి, దాని కింద కరెంట్ తగలకుండా పెట్టే పల్చటి మైకా రేకు దాటి, హీట్‌సింక్‌లోకి (వేడిని పీల్చే రెక్కల అల్యూమినియం దిమ్మె) వచ్చి, అక్కడినుంచి గాలిలోకి పోవాల. ఈ దారిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే రిపేరు సగం అయిపోయినట్టే. మల్టీమీటర్‌తో వచ్చే టెంపరేచర్ వైరు ఉంటాది గదా, దాన్ని ఒకసారి ట్రాన్సిస్టర్ ప్లాస్టిక్ మొహం మీద, ఇంకోసారి దాని పక్కనే హీట్‌సింక్ మీద టేపుతో అంటించి, మూత బిగించి అరగంట పాడించండి. మూత తీసి కొలిస్తే గాలి దారే మారిపోతాది, ఆ రీడింగ్ పనికిరాదు. గన్ మాదిరి ఉండే ఇన్‌ఫ్రారెడ్ మీటర్ అయితే మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తాది, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకి కెపాసిటర్లు ఖాళీ చెయ్యాల. ప్లస్ 80, మైనస్ 80 సప్లై అంటే రెండు చివర్ల మధ్య 160 వోల్టుల డీసీ, ప్రాణం పోతాది. పాతకాలం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒక్కో కెపాసిటర్ బ్యాంకుకి పెట్టి, తర్వాత మీటర్‌తో సున్నా చూసుకోండి.

ట్రాన్సిస్టర్ కాగిపోతా ఉంది, హీట్‌సింక్ గోరువెచ్చగానే ఉంది

తప్పు మౌంటింగ్‌లో ఉంది, ఫ్యాన్లు ఎన్ని పెట్టినా లాభం లేదు. 2ఎస్‌సి5200 అనే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒక్కో వాటుకి లోపలే 0.83 డిగ్రీలు ఎక్కుతాది, అంటే 40 వాట్ల వేడికి 33 డిగ్రీలు అక్కడే పోయినాయి, మైకాకి పూసే హీట్‌సింక్ పేస్టు బాగున్నా దానిమీద ఇంకో 20 దాకా, పేస్టు లేని ఒట్టి మైకా అయితే అది దగ్గర దగ్గర రెండింతలు. ట్రాన్సిస్టర్ విప్పి చూడండి, డ్రిల్ చేసిన బొక్క అంచుకి అల్యూమినియం పొర లేచి ఉంటాది, వేలితో రుద్దితే గీరుకుంటాది, అది మైకాని ఎత్తి పట్టుకుంటాది. పెద్ద డ్రిల్ బిట్ చేత్తో తిప్పి ఆ అంచు తీసేయండి. పేస్టు కింద లోహం లీలగా కనపడేంత పల్చగా పుయ్యండి, దట్టంగా మెత్తితే అదే అడ్డం. బిగించినాక ట్రాన్సిస్టర్ నడిమి కాలు కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య మీటర్ పెట్టి షార్ట్ లేదని చూసుకోండి, ఒకసారి వేడెక్కి చల్లారినాక స్క్రూలు మళ్ళీ బిగించండి.

వరసలో ఒక్కటే కాలుతూ మిగతావి చల్లగా ఉంటే ఒక్కో ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలుకి ఉండే ఎమిటర్ రెసిస్టర్ల మీదా వోల్టేజ్ కొలవండి, దాదాపు ఒకటే రావాల, రాలేదంటే ఆ రెసిస్టరో లేకపోతే ట్రాన్సిస్టర్ డూప్లికేటో.

హీట్‌సింక్ కాలిపోతా ఉంది, బయటికొచ్చే గాలి మాత్రం చల్లగా ఉంది

చాసీ (సెట్టు రేకు పెట్టె) డిజైన్‌లో ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. గాలికి సులువైన దారి దొరికితే హీట్‌సింక్ రెక్కల, అదే ఫిన్ల మధ్యలోకి ఎందుకు పోతాది? మూతకీ ఫిన్లకీ మధ్య ఖాళీ ఉంటే మొత్తం దాని మీదుగా వెళ్ళిపోతాది. రెండు హీట్‌సింకులు ఫిన్లు ఎదురెదురుగా పెట్టి, పైనా కిందా రేకు మూసి సొరంగం చెయ్యండి, ఒక కొసన 120 ఎంఎం ఫ్యాన్. ఫ్యాన్‌ని ఫిన్లకి ఆనించొద్దు, ఫ్యాన్ నడిమి బొడ్డు వెనక గాలి ఉండదు, కనీసం ఫ్యాన్ మందమంత ఖాళీ వదలండి. రేకులో చిన్న చిన్న బొక్కలు కొట్టి అదే గ్రిల్ అనుకుంటే సగం గాలి అక్కడే ఆగిపోతాది, గుండ్రంగా కోసేసి తీగ గార్డు పెట్టండి. గాలి బయటికి పోయే చోటు కూడా ఫ్యాన్ సైజుకి తగ్గకూడదు. నేనైతే ఫ్యాన్ లోపలికి ఊదేటట్టే పెడతాను, చల్లగాలిలో ఉంటాది కాబట్టి ఫ్యాన్ ఎక్కువకాలం వస్తాది, దుమ్ముకి స్పాంజి ఫిల్టర్ కూడా ముందు పెట్టుకోవచ్చు. సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు వేడిగాలి బయటికొచ్చే దారిలో అస్సలు పెట్టొద్దు, 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమైపోతాది.

గాలి కూడా సెగలాగా వస్తా ఉంది, అయినా కట్ అవుతాది

ఆంప్లిఫయర్ తన పని తను చేస్తా ఉంది, మీరిచ్చే గాలే వేడిది. వ్యాన్‌లో టార్పాలిన్ కప్పి ఉండొచ్చు, కింది ఆంప్ వేడిగాలిని పైది పీలుస్తా ఉండొచ్చు. ర్యాక్‌లో అన్నీ ఒకే వైపుకి ఊదాల. బాక్సులు కూడా లెక్క పెట్టండి, 8 ఓమ్‌లవి నాలుగు పారలల్ కలిపితే 2 ఓమ్‌లు, 4 ఓమ్‌లకి డిజైన్ చేసిన సెట్టు అది తట్టుకోదు. సగం వాల్యూమే గదా అనుకోవద్దు, ఇట్లాంటి క్లాస్ ఏబీ రకం ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ జాస్తి వేడెక్కేది ఫుల్ పవర్‌లో కాదు, దాదాపు 40 శాతం పవర్ దగ్గర.

పాట లేకపోయినా వేడెక్కుతా ఉంది

తప్పు బయాస్‌లో ఉంది, అంటే పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారేటట్టు పెట్టే కొద్దిపాటి కరెంట్. వేడి ఒక డిగ్రీ పెరిగితే బేస్ ఎమిటర్ వోల్టేజ్ 2 మిల్లీవోల్టులు తగ్గుతాది, దాన్ని కనిపెట్టే బీడీ139 అనే చిన్న ట్రాన్సిస్టర్ బోర్డు మీదే ఉండిపోతే కరెంట్ ఎక్కుతూనే పోతాది. దాన్ని ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల నడుమ అదే హీట్‌సింక్‌కి బిగించండి, 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద నేను 10 మిల్లీవోల్టుల దగ్గర పెడతాను.

చాసీ మార్చినాక హమ్ (గుయ్‌మనే మోత) వస్తే ఇన్‌పుట్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నించి పోతా ఉంటాది, జరపండి. టొరాయిడ్ (గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్) నడిమి బోల్టు కింద చాసీకి బిగించి ఉంటాది గదా, అది పైన మూతకి తగలకుండా చూసుకోండి, తగిలితే ఒక చుట్టు షార్ట్ అయినట్టే, ఆన్ చెయ్యగానే ఫ్యూజ్ పోతాది.