టస్కనీ కొండల్లో సైకిల్ తొక్కాలంటే కైలాసగిరితో మొదలుపెట్టండి

ఇటలీలో ఫ్లోరెన్స్, సియెనాల మధ్య ఉన్న కియాంతి కొండల్లో మౌంటెన్ బైక్ తొక్కాలని ఉంటే, ముందు విశాఖ బీచ్ రోడ్డు మీద చదునుగా తొక్కడం మానేసి తెల్లవారుజామునే కైలాసగిరి ఎక్కండి, ఒకసారి ఎక్కి దిగి టిఫిన్‌కి పోవడం కాదు, వరసగా మూడుసార్లు. ఎందుకంటే కియాంతిలో ఒకే పెద్ద ఎక్కుడు కాదు, చిన్న చిన్నవి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, కాళ్లు పీకేది అందుకే.

అక్కడ చాలా దారులు తెల్లటి కంకరవి, స్ట్రాదే బియాంకే అంటారు. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకి నొక్కుకుని పంక్చరే. దిగేటప్పుడు మలుపులోకి వెళ్లాక కాదు, ముందే బ్రేకు వేయాలి, రెండూ కొద్దికొద్దిగా. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టి నేను హనుమంతవాక దగ్గర మోచేయి చెక్కించుకున్నాను, ఆ కథ వద్దులెండి.

అన్నట్టు, అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ అయితే ఎండ బాధ తక్కువ. పల్లెల్లో మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు, నీళ్లు పొద్దున్నే నింపుకోండి. ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, చివరిదాకా ఆగి టెన్షన్ పడొద్దు.