కూన కడుపు ఉబ్బిందా? మాత్ర కంటే ముందు పెంట చూడండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కుక్కకి ఏమొచ్చినా ఒకటే మాట: "పాములు పడ్డాయి, ఓ మాత్ర పడేయ్." నిరుడు వానల్లో వీధి కుక్క మా అరుగు కింద ఐదు కూనల్ని పెట్టినప్పుడు నేనూ అదే చేశాను. ఒక మాత్ర కొని, కంటి అంచనాతో ముక్కలు చేసి ఐదింటికీ పంచాను. మూడు వారాలకి పొట్టలు మళ్లీ ఉబ్బాయి.

పొట్ట కుండలా ఉంది, వెన్నెముక మాత్రం తేలింది

ఇవి ఏలికపాములు. వాంతిలోనో పెంటలోనో ఉడికిన సేమియాలా తెల్లగా, చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. "బెల్లం పెట్టావు, అందుకే" అంటాడు మా పక్కింటి మావయ్య. బెల్లానికీ వీటికీ సంబంధం లేదు. తల్లి కండల్లో దాగిన లార్వాలు (పిల్లపురుగులు) చూలుతో ఉన్నప్పుడే పిల్లల్లోకి వెళ్తాయి, తర్వాత పాలలోనూ వస్తాయి. నేల తొక్కని కూనకి కూడా ఉంటాయన్నమాట.

మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది. ఊపిరితిత్తుల మీదుగా తిరుగుతున్నవి (కూన దగ్గేది కొన్నిసార్లు వీటివల్లే) తర్వాత పేగులోకి దిగుతాయి. నేను చేసిన తప్పు అదే, ఒక్కసారి వేసి ఊరుకోవడం. 2, 4, 6, 8 వారాల వయసులో వేయాలి. ఆపైన ఆరు నెలలదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. పిల్లలకి వేసిన రోజే తల్లికీ వేయాలి. పాలిస్తోందని డాక్టరుకి చెప్పి మందు రాయించుకోండి.

డోసుకి బరువు కావాలి. కూనని చేతిసంచిలో పెట్టి కూరగాయల కాటా మీద తూచండి, తర్వాత సంచి బరువు తీసేయండి. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ అనే మందులు కలిసిన మామూలు పురుగుల మాత్ర పది కిలోలకి ఒకటి. కిలోన్నర కూనకి దాన్ని కొలిచి విరవడం నావల్ల కాలేదు. కూనల సిరప్, సూది లేని సిరంజి మేలు. వేశాక ఒకటి రెండు రోజులు పెంటలో పురుగులు పడితే టెన్షన్ వద్దు. పొట్ట గట్టిపడి వాంతులు ఆగకపోతే మాత్రం పేగు అడ్డుకుందేమో చూపించాలి.

చిగుళ్లు తెల్లబడ్డాయి, పెంట నల్లగా తారులా ఉంది

పై పెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగు పోయి సున్నం గోడలా ఉంటే కొంకిపురుగులు రక్తం తాగుతున్నాయని అనుమానించాలి. దారప్పోగులంత ఉంటాయి, కంటికి చిక్కవు. చిన్న కూన రోజుల్లోనే పోతుంది. ఇక్కడ ఇంటి వైద్యం వద్దు, ఆ రోజే ఆసుపత్రి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఒంటి మీద గోమార్లు ఉంటే, వాటివల్ల వచ్చే జ్వరంలోనూ చిగుళ్లు ఇలాగే పాలిపోతాయి కాబట్టి రక్తపరీక్ష అడగండి.

ఈ లార్వాలు నీడలో, తడి మట్టిలో బతుకుతాయి. మన కాళ్ల చర్మంలోకీ దూరి, దురదపెట్టే ఎర్రటి వంకర గీత గీస్తాయి.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి

బద్దెపురుగు ముక్కలు. పచ్చిగా కదులుతాయి, ఎండితే నువ్వుల్లా అంటుకుంటాయి. బొచ్చులో గెంతే ఫ్లీలని కుక్క కొరికి మింగితే వస్తాయి. ఒక్క పైరాంటెల్ దీనికి పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ ఉండాలి. ఫ్లీలు పోకపోతే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. పడుకునే గోనెపట్టా కూడా ఉతకండి. పిర్ర నేలకి రాకుతోందంటే ప్రతిసారీ పురుగులే అనుకోవద్దు, మలద్వారం పక్క గ్రంథులు నిండినా అలాగే చేస్తుంది.

రక్త విరేచనం, వాంతులు, తిండి ముట్టదు

దీన్ని పురుగులని ఇంట్లో కూర్చోకండి. పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. గంటలు లెక్క.

చేయకూడనివి

మేకలకి తెచ్చిన ఆల్బెండజోల్ మిగిలిందని కుక్కకి పోయొద్దు, ఎముక మజ్జ దెబ్బతినొచ్చు. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కోలీ లాంటి జాతుల ప్రాణం తీయొచ్చు. వెల్లుల్లి పురుగుల్ని చంపదు, కుక్క రక్తకణాలనే పాడుచేస్తుంది.

పెంట ఏ రోజుది ఆ రోజే ఎత్తేయండి. ఏలికపాము గుడ్డు ఇంకొకరికి సోకే స్థితికి రావడానికి రెండు వారాలు అటూఇటూ పడుతుంది, ఆపైన మట్టిలో ఏళ్లు ఉంటుంది. ఫినాయిల్ దాన్నేమీ చేయలేదు. అరుగు సిమెంటుదైతే మరిగే నీళ్లు పోయండి. మట్టిలో ఆడిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, ఆ గుడ్లు మింగితే లార్వాలు కంటిదాకా పోవచ్చు.

పశువుల ఆసుపత్రికి వెళ్తే చిన్న డబ్బాలో తాజా పెంట పట్టుకెళ్లండి. ఒడియాలో పురుగుల్ని "కృమి" అంటారు, విరేచనాలని "ఝాడా". ఈ రెండు మాటలతో నా పని జరిగిపోయింది.

తల్లి కుక్కతోనే తంటా. ఎండుచేప ముక్కలో మాత్ర దాచి పెడితే చేప నమిలి మాత్ర ఉమ్మేసింది. పొడిచేసి పెరుగన్నంలో కలిపితే గిన్నె అడుగుదాకా నాకింది.