ఇన్‌బాక్స్‌లో చెత్త తగ్గిందిలా

పొద్దున్నే మెయిల్ తెరిస్తే లాటరీలు, లోన్లు, బరువు తగ్గించే మందులు. కావాల్సిన మెయిల్ ఎక్కడో అడుగున. చాన్నాళ్లు ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ కూర్చున్నాను. అదే తప్పు. డిలీట్ చేస్తే ఆ మెయిల్ పోతుందంతే. ‘రిపోర్ట్ స్పామ్’ (ఇది చెత్త మెయిల్ అని చెప్పే బటన్) నొక్కితేనే అలాంటివాటిని పట్టుకోవడం, చెత్తను వేరుచేసే ఫిల్టర్‌కి అలవాటవుతుంది.

ఇంకో పెద్ద తప్పూ చేశాను. ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిళ్లలో కూడా, ఇక పంపొద్దని చెప్పే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లింకు నొక్కేసేవాణ్ణి. ఈ అడ్రసులో మనిషున్నాడహో అని నేనే చాటింపు వేసినట్టు! ఇప్పుడు నేను కావాలని చేరిన వార్తాలేఖలకే ఆ లింకు వాడుతున్నాను. మెయిల్‌లోని బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగ్స్‌లో ఆపేశాను. కంటికి కనిపించని చిన్న బొమ్మ పెట్టి, మనం మెయిల్ తెరిచామో లేదో కనిపెట్టేవాళ్లున్నారు మరి.

అన్నిటికంటే పనికొచ్చింది ప్లస్ గుర్తు. జీమెయిల్ అడ్రసులో పేరు తర్వాత, @ గుర్తుకు ముందు, ప్లస్ పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మనకే వస్తుంది. ఒక్కో సైటుకి ఒక్కో మాట చేర్చి ఇచ్చాను. నెల తిరక్కుండానే ఒక సైటుకి మాత్రమే ఇచ్చిన అడ్రసుకి ఎవరెవరివో ప్రకటనలు! దొంగ దొరికాడు. ఆ అడ్రసుకి వచ్చేవన్నీ నేరుగా ట్రాష్‌లో పడేలా ఫిల్టర్ పెట్టేశాను. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అక్కడ మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

జీమెయిల్ స్పామ్‌లో పడ్డవి 30 రోజులకి వాటంతటవే పోతాయి. అందుకే వారానికోసారి అక్కడ తొంగిచూస్తాను. మొన్న ఒక ఇంటర్వ్యూ పిలుపు అందులోనే దొరికింది.