రెండు పాకెట్ శాంప్లర్లను ఒకే లయలో నడపడం ఎలా?

శాంప్లర్ అంటే శబ్దాలను రికార్డు చేసుకుని, బటన్లు నొక్కితే వాయించే యంత్రం. అలాంటివి రెండు ఎదురుగా పెట్టుకుని, రెండింట్లోనూ టెంపో (నిమిషానికి పడే దెబ్బలు) 90 పెట్టి, రెండు చేతులతో ఒకేసారి ప్లే నొక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట్లో అంతా బాగానే ఉంటుంది. కాసేపటికి ఒకదాని దెబ్బ రెండోదానికి వెనకబడి, వినేవాళ్లకు గుర్రపు డెక్కల చప్పుడులా తగులుతుంది. ఏ రెండు యంత్రాల లోపలి గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు, కాబట్టి వేళ్ల చురుకుతో తీరే తంటా కాదిది. కేబుల్ వేసి కలపాల్సిందే.

ఇక్కడ చెప్పేదంతా టీనేజ్ ఇంజినీరింగ్ కంపెనీ 2018లో తెచ్చిన పీఓ-33 గురించి. చూడ్డానికి పాత క్యాలిక్యులేటర్‌లా ఉంటుంది. మైకు దానిలోనే ఉంటుంది.

కావాల్సినవి: పీఓ-33లు రెండు, ట్రిపుల్-ఏ బ్యాటరీలు నాలుగు, 3.5 మిల్లీమీటర్ల స్టీరియో కేబుళ్లు రెండు, చివర్లో ఒక స్పీకరో రికార్డరో. కేబుల్ కొనేముందు పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే స్టీరియో, అదే కావాలి. ఒకటే ఉంటే మోనో. మూడుంటే మైకున్న ఇయర్‌ఫోన్ల కోసం చేసింది. ఆ రెండూ వద్దు.

ముందు శబ్దాలు ఎక్కించుకోండి. రికార్డ్ బటన్ నొక్కిపట్టి, 1 నుంచి 16 వరకున్న బటన్లలో ఒకదాన్ని ఎంతసేపు నొక్కితే అంతసేపు రికార్డవుతుంది. 1 నుంచి 8 వరకు స్వరాల కోసం: ఒకే శబ్దం పదహారు శ్రుతుల్లో పలుకుతుంది. 9 నుంచి 16 వరకు దరువు కోసం: ఎక్కించినదాన్ని యంత్రమే ముక్కలు చేసి పదహారు బటన్లకు పంచుతుంది. డప్పు ఎక్కించాలంటే తొమ్మిదో బటన్ మీద చిర్రతో ఒక దెబ్బ, చిటికెన పుల్లతో ఒక దెబ్బ, రెండూ కలిపి ఒకటి, మధ్యలో అర సెకను నిశ్శబ్దం చొప్పున ఒకే ఊపులో ఎక్కించండి. డప్పును మంట దగ్గర కాచాకే ఎక్కించాలి. చర్మం వదులుగా ఉన్నప్పుడు తీసిన శబ్దాన్ని ఏ నాబ్ తిప్పినా బిగించలేం.

మొత్తం మెమరీ 40 సెకన్లే. చాలదనేవాళ్లకు పాత ఉపాయం ఒకటుంది. 1987 నాటి ఈ-మ్యూ ఎస్పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం 10 సెకన్లే ఉండేవి. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన గ్రామఫోన్ రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించుకుని, తర్వాత శ్రుతి దించేవారు. మెమరీ మిగిలేది, పైగా ఆ గరుకుదనం వల్లే హిప్‌హాప్ దరువులకు ఒక రంగు వచ్చింది. ఇక్కడా అదే చేయండి. ఫోన్లో పాటను శ్రుతి కూడా పెరిగేలా రెట్టింపు వేగంతో వినిపించి ఎక్కించి, ఒక స్థాయి కింద మీటండి.

శబ్దాలన్నీ ఎక్కించాకే కేబుళ్లు ముట్టుకోండి.

ఇక అందరూ బోర్లాపడే చోటు సింక్, అంటే రెండు యంత్రాలనూ ఒకే తాళంలో కట్టడం. నిదానంగా చదవండి.

మొదటి యంత్రం అవుట్ నుంచి రెండోదాని ఇన్‌కు ఒక కేబుల్. రెండోదాని అవుట్ నుంచి స్పీకర్‌కు ఇంకోటి. తర్వాత యంత్రంతో వచ్చిన కాగితంలో చూపిన బటన్ల జతతో సింక్ మోడ్ మార్చాలి. తెర మీద ఎస్‌వై0 (సింక్ లేని మామూలు మోడ్) నుంచి ఎస్‌వై5 వరకు కనిపిస్తాయి. మొదటిది ఎస్‌వై1లో, రెండోది ఎస్‌వై4లో ఉండాలి. మూడో యంత్రం ఉంటే అది మధ్యలో, ఎస్‌వై5లో.

ఈ అంకెల వెనకున్న సంగతి తెలిస్తే తప్పు జరిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ఎస్‌వై1లో పెట్టగానే స్టీరియో కేబుల్లోని ఎడమ దారిలో పాట ఆగిపోయి, ప్రతి రెండు స్టెప్పులకొకటి చొప్పున పల్స్ (తాళం చెప్పే చిన్న విద్యుత్ సంకేతం) వెళ్తుంది. ప్యాటర్న్ అంటే తిరిగి తిరిగి మోగే పదహారు గడుల వరుస, ఒక్కో గడి ఒక స్టెప్పు. పాటంతా కుడి దారిలో, మోనోగా వెళ్తుంది. ఎస్‌వై4లో ఉన్న యంత్రం ఎడమ నుంచి వచ్చేదాన్ని తాళంగా, కుడి నుంచి వచ్చేదాన్ని పాటగా తీసుకుని, తన పాట కలిపి బయటికి పంపుతుంది. రెండింటి పాటనూ కలిపే మిక్సర్ అక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు తప్పులు చూడండి. ఎడమ స్పీకర్లో టక్ టక్ అంటోందా? రెండోది ఎస్‌వై0లోనే ఉండిపోయి పల్సును కూడా పాటే అనుకుని బయటికి వదులుతోంది. లేదా చివరి యంత్రాన్ని ఎస్‌వై1లోనో ఎస్‌వై5లోనో పెట్టారు. రెండోది తాళంలోనే ఉంది కానీ మొదటిదాని పాట వినబడట్లేదా? రెండోదాన్ని ఎస్‌వై2లో పెట్టారు, అది పల్సు ఒక్కటే తీసుకుంటుంది. మోడ్ సరిగ్గానే ఉన్నా మొదటిది మూగబోయిందా? కేబుల్ మోనోది, కుడి దారి గ్రౌండుకు తగులుతోంది. రెండోదాని వేగం పిచ్చిపిచ్చిగా మారుతోందా? అది ఎస్‌వై4లో ఉండగా ఇన్‌కు ఫోను తగిలించారు. పాటలోని ప్రతి దెబ్బనూ పల్స్ అనుకుంటోంది. ఫోను నుంచి మళ్లీ శాంపిల్ తీయాలంటే ముందు ఎస్‌వై0కు రండి.

ప్లే నొక్కే వరుస కూడా ముఖ్యమే. ముందు రెండోదాని మీద ప్లే. అది పల్స్ కోసం కాచుకుని ఉంటుంది. తర్వాత మొదటిదాని మీద. పల్సులో వేగమే ఉంటుంది, ప్యాటర్న్‌లో ఎన్నో స్టెప్పులో ఉన్నామన్న కబురు ఉండదు. అందుకే మొదటిది నడుస్తుండగా రెండోదాన్ని లేపితే వేగం కలుస్తుంది, ఎత్తుగడ (ప్యాటర్న్ మొదలయ్యే చోటు) కలవదు. అలా జరిగితే నడుస్తుండగా సర్దబోకండి, రెండూ ఆపి మళ్లీ మొదలుపెట్టండి. టెంపో మార్చాలన్నా మొదటిదాంట్లోనే.

దరువు ఎప్పుడూ మొదటి యంత్రంలోనే ఉండాలి, స్వరాలు రెండోదాంట్లో. తాళం పట్టేవాడు కదలకూడదు. ఎఫెక్టులూ ప్యాటర్న్ మార్పులూ రెండోదాంట్లోనే.

కోర్గ్ కంపెనీ యంత్రం వోల్కా శాంపిల్ ఉన్నవాళ్లు దాన్నే మొదటి యంత్రంగా పెట్టుకోవచ్చు. దాని సింక్ అవుట్ కూడా రెండు స్టెప్పులకొక పల్సే. కేబుల్ దాని సింక్ అవుట్ నుంచి పీఓ ఇన్‌కు, పీఓ ఎస్‌వై2లో. కానీ అందులో పాట రాదు కాబట్టి మిక్సర్ మోయాలి. సంచిలో పెట్టుకుని తిరగడానికి రెండు పీఓలే మేలు.

చివరగా, పదహారు స్టెప్పుల పెట్టెలో తిశ్ర నడక (మూడేసి లెక్కన సాగే తాళం) ఎలా పడుతుందన్నది. పన్నెండు స్టెప్పుల ప్యాటర్న్ లేదని వదిలేయకండి. మూడు ప్యాటర్న్‌లు గొలుసు కడితే 48 స్టెప్పులు, అంటే ఆరేసి చొప్పున ఎనిమిది చుట్లు. ఎత్తుగడ దెబ్బ మొదటి ప్యాటర్న్‌లో 1, 7, 13 మీద, రెండోదాంట్లో 3, 9, 15 మీద, మూడోదాంట్లో 5, 11 మీద వేయండి. ప్యాటర్న్ బటన్ నొక్కిపట్టి 1, 2, 3 వరుసగా నొక్కితే గొలుసు పడుతుంది. రెండో యంత్రంలోనూ మూడింటి గొలుసే కట్టాలి.