అంగడి పోయినా పాత సామాన్లు దొరుకుతాయి, ఎట్లా చూసి కొనాలంటే

మా చిన్నప్పుడు వరంగల్‌లో ఆదివారం పొద్దున రోడ్డు పక్కన గోనెపట్టాలు పరిచి పాత సామాన్లు అమ్మేవాళ్లు. ఇత్తడి గంగాళాలు, కందిళ్లు, వాల్వు రేడియోలు, చెవి విరిగిన జాడీలు, 2002లో ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డాక ఎటునుంచి వచ్చేవో కట్టె బాబిన్లు, అన్నీ ఒకే పట్టా మీద ఉండేవి. రోడ్డు వెడల్పయింది, బండ్లు పెరిగాయి, ఆ అంగడి లేకుండా పోయింది. సామాన్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి, కాకపోతే నేరుగా స్క్రాప్ షాపుకి పోయి కిలో లెక్కన కరిగిపోతున్నాయి, కాబట్టి మనం కరగకముందే పట్టుకోవాలి.

పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు గిన్నెలు ఇచ్చే షాపులున్నాయి కదా, ముందు అక్కడికి పోండి. దసరాకు ముందు ఇండ్లు దులుపుతారు, అప్పుడు మాల్ బాగా వస్తుంది. పాత పెంకుటిల్లు కూలగొడుతున్నారని తెలిస్తే టేకు తలుపులు, కిటికీల కోసం మేస్త్రీని అడగండి. స్క్రాప్ షాపాయనకు మీ నంబరిచ్చి, "అన్నా, పాతది ఏదన్నా వస్తే జర ఫోన్ కొట్టు, తూకం రేటు మీద ఇంకో నాలుగు పైసలు ఎక్కువిస్తా" అని చెప్పండి. ఫోన్ వస్తుంది.

ఇక చూడటం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడి, రాగి, కంచు, వెండి ఏవీ దానికి అంటుకోవు, అంటుకుందంటే లోపల ఇనుమే, పైన పూత. కంచును గుర్తుపట్టడం ఆ అంగట్లో ఒక తాతను చూసి నేర్చుకున్నాను. గిన్నెను మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టి, అంచును గోటితో మీటి, మాట్లాడకుండా వినేవాడు. కంచయితే మోత సాగుతుంది, ఇత్తడయితే తొందరగా ఆగిపోతుంది. సన్నటి పగులు ఉంటే కంచు కూడా బొంగురుగా మోగుతుంది, అది ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఇత్తడికి సొట్ట పడితే తీయించుకోవచ్చు, కంచు పగిలితే అంతే సంగతి.

జనగామ దగ్గర ఇత్తడి పనికి పేరున్న ఊరు పెంబర్తి, ఆ పెంబర్తి పని అని చెప్పి రేటు పెంచేవాళ్లు చాలామంది. పెంబర్తి వాళ్లది రేకు పని, సుత్తి, ఉలితో బొమ్మ తేలుస్తారు, అందుకే వెనక్కి తిప్పితే ఆ దెబ్బల గుంటలు కనపడాలి. వెనక నున్నగా, చేతికి బరువుగా ఉంటే అది పోత పోసింది. పోత తప్పేం కాదు, పెంబర్తి రేటు మాత్రం ఇవ్వకండి.

నిజాం రూపాయి చూపిస్తే చార్మినార్ బొమ్మ మధ్య వాకిట్లో ఉర్దూ అక్షరం చూడండి: 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే 1911 తర్వాతి ఉస్మాన్ అలీఖాన్‌ది. వెండి రూపాయి బరువు 11 గ్రాముల పైన కొంచెం ఉంటుంది, కంసాలి దగ్గర తూయించండి. అంచు చుట్టూ గోటికి తగిలే అతుకు ఉంటే అది నకిలీ పోత. కొన్నాక మెరవాలని రుద్దకండి, రుద్దిన నాణేన్ని తెలిసినవాళ్లు సగం రేటుకు కూడా అడగరు.

రాతి విగ్రహం, గుడి ముక్క ఎవరన్నా చాటుగా చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. కాకతీయుల ఊళ్లలో ఇవి చేతులు మారుతుంటాయి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు పురావస్తువులే, లైసెన్స్ లేకుండా వాటి వ్యాపారం నేరం.

బేరంలో మీకు కావాల్సింది మొదట ముట్టుకోకండి. పక్కనున్న కందిలి రేటు అడగండి, గ్లాసు లేదని గొణగండి, లేచేటప్పుడు "ఈ చెంబెంత?" అనండి. పాత చిట్కానే, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇంటికి తెచ్చిన ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమితే చాలు. వంటకు వాడాలనుకుంటే మాత్రం లోపల కలాయి చూడండి, తెల్లటి పూత పోయి పసుపు కనపడుతుంటే మళ్లీ వేయించాల్సిందే. గిన్నెను బాగా కాల్చి, నవసాగరం చల్లి, పొగ లేస్తుండగా తగరం ముక్క రాసి దూదితో తుడుస్తారు. వేసేవాళ్లు తగ్గిపోయారు, ఇత్తడి షాపుల్లో అడిగితే చెప్తారు. కలాయి లేకుండా అందులో చారు కాచకండి, పులుపుకు చిలుం దిగుతుంది.