వానల్లో కారు ట్రిప్పు: టికెట్ లేని చోట్లకి బయలుదేరే ముందు

జూన్ రెండో వారం దాటి రెండు గట్టి వానలు పడ్డాయంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం ప్లాన్లు మొదలవుతాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి పచ్చబడిందట, ఫలానా చెరువు మత్తడి దుంకుతోందట, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారట. రిసార్టు బుకింగ్ అక్కర్లేదు, టికెట్ లేదు. డబ్బాలో పులిహోర, ట్యాంకులో పెట్రోలు ఉంటే ఇంటిల్లిపాదీ వెళ్లి రావచ్చు. మేమూ ఏళ్లుగా ఇలాగే తిరుగుతున్నాం. అయితే టికెట్ లేని చోట కంచె ఉండదు, లైటు ఉండదు, అటు పోవద్దని విజిల్ వేసే మనిషీ ఉండడు. ఆ మనిషి పని మనమే చేసుకోవాలి.

ముందు కారు సంగతి. రెండేళ్ల కింద మెదక్ చర్చికి వెళ్లాం. 1924లో పూర్తయిన కట్టడం. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించారని చెబుతారు. లోపల రంగు అద్దాల మీద వెలుగు పడుతుంటే పిల్లలు కూడా నోరు మూసుకుని కూర్చున్నారు, అదే పెద్ద అద్భుతం. రూపాయి ఖర్చు కాలేదు. తిరుగు దారిలో నర్సాపూర్ అడవి దగ్గర, సన్నగా ముసురు పట్టిన వేళ, వెనక టైరు పంక్చర్. బావగారు డిక్కీ తెరిచారు. చాపలు, డబ్బాలు, గొడుగులు అన్నీ రోడ్డు పక్కన పెట్టి, కింద అట్ట ఎత్తితే స్టెప్నీ ఉంది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. కొన్నాక దానికి ఒక్కసారి కూడా గాలి కొట్టించలేదట. సరే, పంక్చరైన టైరైనా విప్పి ఉంచుదామంటే జాకీ బురదలోకి దిగబడింది. ఓ లారీ డ్రైవరు ఆపి చెక్క ముక్క ఇచ్చాడు, అది కింద పెడితే గానీ కారు లేవలేదు. మెకానిక్ నర్సాపూర్ నుంచి వచ్చి వెళ్లేసరికి పన్నెండు వందలు. ఈలోపు రోడ్డు పక్కన పెట్టిన సర్వపిండి డబ్బా కోతులు పట్టుకుపోయాయి.

అప్పటి నుంచి శుక్రవారమే చూసుకుంటాం. ఐదు టైర్లూ, నాలుగు కాదు. గాలి చల్లటి టైర్లోనే చూడాలి, యాభై కిలోమీటర్లు నడిపాక చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. టైరు గాడుల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్ల మట్టానికి వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్ల హద్దు దాటినట్టే. నిజానికి వానాకాలంలో అంతదాకా ఆగడం కూడా ఎక్కువే, నీళ్ల మీద బండి జారేది అలాంటి టైర్లతోనే. డిక్కీలో ఒక గట్టి చెక్క ముక్క వేసుకోండి.

ఇంకో మాట. పెట్రోలు బంకులో గాలి, తాగునీళ్లు, టాయిలెట్ ఉచితంగా ఇవ్వాలి. చాలామంది మొహమాటపడి దాబాలో అక్కర్లేని టీలు తాగి టాయిలెట్ వాడుకుంటారు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న ట్రిప్పులో పెద్ద బంకులు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

వైపర్ రబ్బరు ఎండాకాలంలో బిగుసుకుపోతుంది, వానలో గీతలు గీస్తుంది. మార్చడానికి కొద్ది ఖర్చే. లోపలి అద్దం మసకబారితే ఏసీ వెయ్యాలి. బయటి వైపు మసకబారిందంటే అద్దం మరీ చల్లబడిందని అర్థం, ఏసీ చలి తగ్గించి వైపర్ తిప్పాలి. వానలో కొందరు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతుంటారు. వెనకవాళ్లకి మీరు ఆగారో పోతున్నారో, ఎటు తిరుగుతారో తెలియదు. అవి ఆగిన బండికే. నడిచే బండికి హెడ్‌లైటు చాలు, లో బీమ్‌లో.

ఫాస్టాగ్ బ్యాలెన్స్ టోల్ గేటు దగ్గర చూసుకునేది కాదు. నేషనల్ హైవే మీద ట్యాగ్ పనిచేయకపోతే యూపీఐతో మామూలు టోల్‌కి ఒకటింబావు వంతు కట్టించుకుంటున్నారు. లైన్లో నిలబడి రీచార్జ్ చేసినా వెంటనే పడుతుందన్న గ్యారంటీ లేదు. టూవీలర్ మీద వెళ్లే కుర్రాళ్లకి టోల్ గొడవ లేదు గానీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రానివ్వరు. మ్యాప్ అటు చూపించినా లోపలి దారే.

దారి విషయానికొస్తే, అనంతగిరికి అందరూ వెళ్లే చేవెళ్ల రోడ్డు మీద జాగ్రత్త. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా మర్రిచెట్ల నీడలో అందంగానే ఉంటుంది, కానీ ఇరుకైన చోట్ల ఎదురుగా టిప్పర్లు వస్తుంటాయి. అక్కడ ఓవర్‌టేక్ చేసి మిగిలే పది నిమిషాలతో మూసీ పుట్టిన ఆ అనంతగిరిలో అదనంగా చేసేదేమీ లేదు. పెద్ద వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే రాజేంద్రనగర్ వైపు ఔటర్ సర్వీస్ రోడ్డు మూసేస్తారు, మూసారాంబాగ్ దగ్గర మూసీ పొంగుతుంది. అందుకే ఊరు దాటేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడు కూడా వార్త చూసుకోవాలి. పొద్దున దాటిన రోడ్డు సాయంత్రానికి ఉండకపోవచ్చు.

శ్రీశైలం వెళ్లేవాళ్లకి టైమే అసలు లెక్క. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. తొమ్మిదీ పదికి మన్ననూర్ చెక్‌పోస్టు చేరి బతిమాలినా లాభం లేదు, రాత్రంతా కార్లోనే. అడవిలో సిగ్నల్ కూడా చాలాచోట్ల పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చిల్లర నోట్లు పెట్టుకోండి. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలే మహానుభావులున్నారు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలితే ఆ ఆదా ఎవరికీ పనికిరాదు. రెండో గేరు, మూడో గేరులోనే దిగాలి.

ఇక నీళ్లు. ఈ కాలంలో జనం వెళ్లేదే నీళ్ల కోసం, ప్రాణాలు పోయేదీ అక్కడే.

వాగు మీద కాజ్‌వే, అంటే ఎత్తు తక్కువ వంతెన, పైనుంచి నీళ్లు పోతుంటే, ఎంత తక్కువ కనపడినా దాటకండి. ఒక అడుగు లోతు పారే నీరు చిన్న కారుని తేల్చేస్తుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోతుంది. పైగా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో ఆ ఎర్రనీళ్లలో కనపడదు. ముందు బస్సు వెళ్లిందిగా అంటారు, బస్సు బరువు వేరు. నిలిచిన నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే స్టార్ట్ చేసినప్పుడే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్సులో ఆ నష్టం రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుని ఉండాలి. దిగి తోసుకుని బయటికి తెచ్చి మెకానిక్‌కి ఫోన్ చేయడమే.

చెరువు అలుగు పారుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కాలు పెట్టారా, ఆ రాయి మీద పాచి సబ్బు కంటే నున్నగా ఉంటుంది. ఫోటో కట్ట మీద నుంచే బాగొస్తుంది, నమ్మండి. డ్యాముల కింది నది సంగతి ఇంకా మోసం. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, ఎక్కడో ఎగువన గేటు ఎత్తుతారు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది ఇలాగే. ఫోటోలు దిగుతున్నారు, లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. ఏడుపాయల దగ్గర మంజీరకు వరద వచ్చినప్పుడు వనదుర్గమ్మ గుడి ముందే నీళ్లు పారుతాయి. అలాంటి రోజున దర్శనం దూరం నుంచే. సాగర్ 26 గేట్లు ఎత్తిన రోజు వంతెన మీద బండి ఆపి దిగడం కూడా అంతే ప్రమాదం. వంతెన దాటాక పార్కింగ్ వెతుక్కుని నడిచి రండి.

రామప్ప, వేయిస్తంభాల గుడి మాత్రం వానలో చూడాల్సినవే. 1213 నాటి రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, టికెట్ మాత్రం లేదు. చెప్పులు విప్పి తడి రాళ్ల మీద నడవాలి కాబట్టి పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. మా పెద్దమ్మ సాక్సులతోనే దిగుతానంది, తడి సాక్సు ఇంకా జారుతుంది. ఉరుములు మొదలైతే చెట్టు కిందకి పరుగెత్తొద్దు, కార్లో కూర్చుని అద్దాలు ఎక్కించుకోండి. పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ ఉంది.

అయితే రామప్ప హైదరాబాద్ నుంచి రెండువందల కిలోమీటర్ల పైనే. గది డబ్బులు మిగులుతాయని ఒక్కడే డ్రైవింగ్ చేస్తూ అదే రోజు తిరిగి రావడం నాకు నచ్చదు. చవక ట్రిప్పుల్లో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే అనుకుంటాను. పొద్దున నాలుగింటికి లేచి, మధ్యాహ్నం కడుపునిండా తిని, రాత్రి ఎదుటి లారీ లైట్లలో, వానలో. ఇద్దరు నడిపేవాళ్లు లేకపోతే హన్మకొండలో పడుకోండి, లేదా వందలోపు దూరంలో ఊరు చూసుకోండి. మేమైతే ఎక్కడున్నా సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణం అలారం మోగుతుంది. పిల్లలు గొణుగుతారు, చాప మడవాల్సిందే.

తిండి గురించి వదిన లెక్క వేరు. పులిహోర వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మధ్యాహ్నానికి చెమటపట్టి వాసనొస్తుంది, పళ్లెంలో ఆరబెట్టాకే సర్దాలి. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేస్తే తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. తినేది కార్లో, లేదా కోతులు లేని చోట. వాటికి ఒక బిస్కెట్ విసిరితే తర్వాత వచ్చే కుటుంబం మీద పడతాయి. చెత్త కవరు వెనక్కి తెచ్చుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

నేషనల్ హైవే మీద ఏమైనా అయితే 1033, అంబులెన్సుకి 108. ఫోన్లో కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి.

శనివారం రాత్రి వాతావరణ కేంద్రం సూచన చూస్తాం. ఎల్లో అలర్ట్ అయితే దగ్గర ఊరికి మారుస్తాం. ఆరెంజ్, రెడ్ అయితే కారు తియ్యం. తెల్లారి వాన కాస్త తెరిపిస్తే మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగి, నౌబత్ పహాడ్ ఎక్కి బిర్లా మందిర్ చూసొస్తాం. అక్కడా టికెట్ లేదు, ఫోన్లు లోపలికి రానివ్వరు. పులిహోర ఎలాగూ కలిపేసి ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చి, హాల్లో అదే చాప వేసుకుని తింటాం.