జైవ్ నేర్చుకుందాం – 3: వెనక్కి వెళ్లేది కాలు, ఒళ్లు కాదు

జైవ్ అనే జంట నృత్యంలో ఈసారి కుడి నుంచి ఎడమకు స్థానం మారే అడుగులు నేర్పుతానని మాట ఇచ్చాను. నేర్పుతాను, కాకపోతే చివర్లో, క్లుప్తంగా. రెండో పాఠం చూసి సాధన చేసినవారు రాసిన సంగతులు చదివాక నేరుగా ముందుకు పోవడానికి మనసొప్పలేదు. ఒకరు రాక్ స్టెప్ (ఒక కాలు వెనక్కి వేసి, బరువు మళ్లీ ముందు కాలి మీదికి తేవడం) వేస్తూ వెనకున్న ఫ్రిజ్‌కు వీపు తగిలించుకున్నారు. ఇంకొకరికి మూడు రోజులుగా మడమ నొప్పి. ఒక జంట చేతులు పట్టుకుని ఇద్దరూ ఒకేసారి వెనక్కి ఊగితే వేళ్లు జారిపోయి, ఆయన సోఫాలో, ఆవిడ నేల మీద తేలారట. మరో నలుగురైదుగురిది ఒకటే ప్రశ్న: పాటలో ‘ఒకటి’ వచ్చేసరికి మా కాలు ‘అయిదు’ మీద ఉంటోంది, ఎక్కడ తప్పుతున్నాం?

ముందు ఫ్రిజ్, మడమ, సోఫా. ఈ మూడింటికీ నేనే బాధ్యుణ్ని. పోయిన పాఠంలో “వెనక్కి ఊగి ముందుకు రండి” అని రాశాను. తెలుగులో ఊగడమంటే ఉయ్యాల గుర్తొస్తుంది, పడక్కుర్చీ గుర్తొస్తుంది. ఊగమంటే ఎవరైనా ఒళ్లంతా ఊపుతారు. ఆ వాక్యం కొట్టేయండి. దాని స్థానంలో ఇది రాసుకోండి: ఒకటో బీట్‌కు కాలు వెనక్కి పడుతుంది, రెండో బీట్‌కు ముందు కాలి మీదికి బరువు తిరిగి వస్తుంది, ఈ రెండింటి మధ్య మీ బొడ్డు ఉన్నచోటు నుంచి దాదాపు కదలదు.

దీన్ని ఇంకొంచెం విప్పి చెప్పాలి. ఎందుకంటే ఆన్‌లైన్ వీడియోల్లో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నేర్పే ఆయన కెమెరాకు ఎదురుగా నిలబడి చేస్తాడు. ఎదురుగా చూస్తే కాలు ఎంత వెనక్కి వెళ్లిందో తెలియదు, నడుము ఎక్కడుందో అసలే తెలియదు. తల కాస్త వెనక్కి పోయినట్టు మాత్రం కనిపిస్తుంది. మనం దాన్నే పట్టుకుంటాం.

చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందేమోనని పాదంతో తడుముతాం చూడండి. ఒళ్లు పైమెట్టు మీదే ఉంటుంది, వేళ్లు మాత్రం వెతుకుతాయి. రాక్ స్టెప్‌లో మొదటి సగం అది. బకెట్లో నీళ్లు కాగాయో లేదో బొటనవేలు ముంచి చూడటం కూడా అంతే. అయితే ఈ పోలికలు సగం వరకే పనికొస్తాయి. వేళ్లతో తాకి ఊరుకుంటే అది అడుగు కాదు. నేను ఇలా రాయగానే మీలో సగం మంది రేపటి నుంచి నేలను ముట్టుకుని వచ్చేస్తారు, అదీ తప్పే. ఒకటో బీట్‌కు బరువు నిజంగా వెనక కాలి మునివేళ్ల కింది మెత్త మీదికి రావాలి. వచ్చిందో లేదో చూసుకోవడం సులువు: ఆ క్షణంలో ఆగి ముందు కాలిని నేల మీంచి కాగితమంత ఎత్తు లేపండి. లేస్తే అడుగు వేసినట్టు. లేవకపోతే ముట్టుకున్నట్టు. లేపినప్పుడు వెనక్కి తూలితే మడమ మీద కూర్చున్నట్టు.

మడమ నేలను తాకవచ్చా? తాకవచ్చు. దాని మీద కూర్చోకూడదు, అంతే. మడమ నొప్పి పెట్టిందని రాసినవారు రాతి నేల మీద మడమను సుత్తిలా దించుతున్నారన్నమాట.

అడుగు ఎంత పెద్దది? వెనక కాలి బొటనవేలు ముందు కాలి మడమ దరిదాపుల్లో పడితే చాలు. మీ ఇంట్లో రెండడుగుల టైల్స్ ఉంటే సగం టైలు కూడా దాటకూడదు. ఇంత చిన్నదా అంటారేమో. లెక్క చూడండి. పోటీల్లో జైవ్ వేగం నిమిషానికి 42 నుంచి 44 బార్లు. బారుకు నాలుగు బీట్లు, అంటే నిమిషానికి 168కి తక్కువ కాదు. ఒక్కో బీట్‌కు సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ సమయం. అంతలో నడుమును అడుగు దూరం వెనక్కి పంపి మళ్లీ ముందుకు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. వెనక్కి వంగినవారు మూడో బీట్‌కు ఎప్పుడూ ఆలస్యమే, ఆ ఆలస్యాన్ని షాసేలో (రాక్ స్టెప్ తర్వాత పక్కకు వేసే మూడు అడుగుల్లో) పరుగుపెట్టి పూడుస్తారు. చూసేవారికి షాసే తప్పినట్టుంటుంది. నిజానికి తప్పింది రాక్ స్టెప్.

పరీక్ష ఇది. గోడకు క్యాలెండరు వేలాడుతుంటే దానికి వీపు పెట్టి, మడమలకు గోడకు మధ్య అడుగు దూరం ఉంచి నిలబడండి. ఇరవై రాక్ స్టెప్‌లు వేయండి. క్యాలెండరు రెపరెపలాడితే మళ్లీ మొదటి నుంచి. మా ఇంట్లో క్యాలెండరు నెలలో సగం పేజీలు చిరిగిపోయాకే నాకు ఇది పట్టుబడింది. ఫోన్‌తో వీడియో తీసుకునేవారు పక్క నుంచి తీసుకోండి, ఎదురు నుంచి కాదు.

ఇక లెక్క సంగతి. పాటలో ‘ఒకటి’ మీద మీ కాలు ‘అయిదు’ దగ్గర ఉంటే మీరు తప్పలేదు, సరిగ్గా వేస్తున్నారు! ఇది అందరికీ తెలుసనుకుని పోయినసారి వదిలేశాను. జైవ్ పాట నాలుగేసి బీట్లుగా నడుస్తుంది. మన బేసిక్, అంటే మూల అడుగుల వరుస, ఆరు బీట్లది: రాక్ స్టెప్‌కు రెండు, ఒక్కో షాసేకు రెండు చొప్పున నాలుగు. కాబట్టి మొదటి బేసిక్ బారున్నరలో అయిపోతుంది, రెండోది బారు మధ్యలో మొదలవుతుంది. రెండు బేసిక్‌లు కలిసి మూడు బార్లు, అప్పుడు మళ్లీ పాట ‘ఒకటి’, కాలు ‘ఒకటి’ కలుస్తాయి. సంగీతం కాస్త నేర్చుకున్నవారికి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: పాట ఆది తాళం, కాళ్లు రూపకం. చతురశ్రజాతి రూపకంలో ఒక ద్రుతం, ఒక లఘువు, అంటే రెండు, నాలుగు. సరిగ్గా మన రాక్ స్టెప్, రెండు షాసేలు. కాబట్టి ప్రతి బారు మొదట్లో రాక్ స్టెప్ రావాలని ఆగి ఆగి వేయకండి. కాళ్లను వాటి ఆరుకు వదిలేయండి.

షాసే లోపలి నడకకు మనకు ఛందస్సులోనే మంచి మాట ఉంది: ర గణం. గురువు, లఘువు, గురువు. (తాళంలో లఘువు వేరు, ఛందస్సులో లఘువు వేరు, కలిపేసుకోకండి.) ‘కాలితో’ అనండి, అదే షాసే. పక్కకు పొడుగు అడుగు, సగం దగ్గరకు వచ్చే పొట్టి అడుగు, మళ్లీ పక్కకు పొడుగు. కొలతలు మాత్రం ఛందస్సువి కావు. మొదటి అడుగుకు బీట్‌లో ముప్పాతిక, పొట్టి అడుగుకు పాతిక, చివరి అడుగుకు పూర్తి బీట్. మూడు అడుగులనూ సమానంగా పంచితే జైవ్ పోయి కవాతు మిగులుతుంది. వీడియోల్లో దీన్ని ‘వన్, టూ, త్రీ-అ-ఫోర్, ఫైవ్-అ-సిక్స్’ అని లెక్కిస్తారు. మన ‘నాలుగు’కు మూడు అక్షరాలు ఉండటంతో తెలుగు అంకెలు ఇక్కడ పనిచేయవు. నేను ఎప్పుడూ ఇలాగే అనుకుంటాను: “పో, రా, కాలితో, కాలితో”. మొదటి రెండూ విడివిడిగా అనండి. కలిపి గట్టిగా అంటే ఇంట్లోవారు అపార్థం చేసుకుంటారు.

ఇంకో చిక్కు. ఒకే వారంలో మూడు చోట్ల వీడియోలు చూసినవారు అడిగారు, ఒకాయన రాక్ స్టెప్ ముందు వేస్తే ఇంకొకాయన షాసేలు ముందు వేస్తున్నాడేమని. రెండో ఆయన నేర్పుతున్నది బహుశా ఈస్ట్ కోస్ట్ స్వింగ్. అక్కడ చాలామంది షాసేలతో మొదలుపెట్టి రాక్ స్టెప్‌తో ముగిస్తారు. రెండూ ఒక కుదురువే. న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లజాతివారు ఆడిన లిండీ హాప్, దాని నుంచి వచ్చిన జిట్టర్‌బగ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ సైనికులతో బ్రిటన్ చేరాయి. అక్కడి బాల్‌రూమ్ ఉపాధ్యాయులు దాన్ని చెక్కి, సరిచేసి జైవ్ అన్నారు. 1968లో అది పోటీల్లో అయిదో లాటిన్ నృత్యమైంది. అమెరికాలో ఉండిపోయిన పాయ వేరేగా పెరిగింది. ‘మోడర్న్ జైవ్’ అని ఉన్న వీడియోలైతే అసలు తెరవకండి, అందులో షాసేనే ఉండదు. దాని మీద నాకు కోపం లేదు, ఈ పాఠానికి మాత్రం పనికిరాదు.

వీడియోను ముప్పాతిక వేగంలో పెట్టుకోండి, 168 బీట్లు 126కు దిగుతాయి. సగం వేగంలో వద్దు. అంత నెమ్మదిలో షాసేలోని ఎగురు చచ్చిపోతుంది, కాళ్లు ఈడ్చుకుంటూ నడవడం అలవాటవుతుంది. రబ్బరు అడుగున్న ఆటల బూట్లు కూడా వద్దు. తిరిగేటప్పుడు పాదం నేలకు అతుక్కుంటుంది, మోకాలు మెలిపడుతుంది. నా ఎడమ మోకాలు ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేస్తుంది.

ఇప్పుడు స్థానం మార్పు. లెక్క అదే, ఆరు బీట్లు. నడిపించేవారు రాక్ స్టెప్ మామూలుగా వేసి, మొదటి షాసేలో ఎడమకు పావు వంతు తిరుగుతూ, అది ముగిసే వేళకు ఎడమ చేయి పైకెత్తుతారు. అనుసరించేవారు రెండో షాసేలో ఆ చేతి కిందుగా కుడివైపుకు తిరుగుతారు. మొత్తం ముప్పావు వంతు తిరిగేసరికి ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా, ఒక చేయి మాత్రం పట్టుకుని, కాస్త ఎడంగా ఉంటారు. ఎత్తిన చేతిని హారతి పళ్లెంలా తిప్పకండి. వాకిలి తెరిచినట్టు ఎత్తి ఉంచండి, ఆవిడ వాకిట్లోంచి తనంతట తాను వెళుతుంది. వేళ్లు వదులుగా ఉండాలి. జోడీ లేనివారు తలుపు గొళ్లేనికి చున్నీ కట్టి దాని కింద తిరగండి, తప్పులేదు.

సాధన. నిమిషానికి 120 బీట్ల పాట ఒకటి ఎంచుకోండి. నోటితో “పో, రా, కాలితో, కాలితో”, కాళ్లతో బేసిక్, చేత్తో ఆది తాళం. మూడూ ఒకేసారి. ఎనిమిదేసి బీట్ల ఆది తాళం మూడు ఆవర్తనాలు పూర్తయ్యేసరికి నాలుగు బేసిక్‌లు పూర్తవుతాయి, 24 బీట్లకు చెయ్యీ కాలూ మొదటికి వస్తాయి. అంటే 12 సెకన్లు. ఇలా వరుసగా పదిసార్లు, అంటే రెండు నిమిషాలు, తప్పకుండా రావాలి. తొమ్మిదోసారి తప్పితే ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తాళం రానివారు ప్రతి బారు మొదటి బీట్‌కు చప్పట్లు కొడితే సరిపోతుంది, కానీ అప్పుడు ఇరవైసార్లు. మొదటి మూడు రోజులు కొత్త అడుగుల జోలికి వెళ్లకండి. ఇది కుదిరాక నాలుగో రోజు నుంచి చేయి ఎత్తండి.

ఎదురెదురుగా ఎడంగా నిలబడ్డ ఇద్దరూ మళ్లీ దగ్గరయ్యేది వచ్చే పాఠంలో. అప్పటిదాకా అక్కడి నుంచి నడిచే వచ్చేయండి. ఫ్రిజ్ ఉన్న గది మాత్రం వద్దు.